మడ్డే బిరడా

రాణిగంజ్ షాపులో కుర్రాడు డబ్బా చేతికిచ్చి
చిల్లర వెతికేలోపు
నాకు వంద అనుమానాలు.
ఈ డబ్బుతో పాత నూనె రెండుసార్లు పోయించొచ్చు,
మిగిలినదాంతో వైపర్లు కూడా వస్తాయి.

బోయిగూడ సందులో సత్తార్ భాయ్
డిప్‌స్టిక్ లాగి, నూనెను రెండు వేళ్ల మధ్య పాముకుని
వెలుతురుకి పెట్టి చూశాడు.
"రెండు లక్షల ఎనభై వేలు తిరిగింది మేడం ఈ ఆల్టో.
పదమూడేండ్ల సంది గీ నూనెనే తాగి బతికింది.
సీళ్లు చెక్కలెక్క గట్టిపడ్డయి.
యాడ పగిలితే ఆడ మడ్డి కూసున్నది.
ఆ మడ్డే దానికి బిరడా.
మీ సింథటిక్ మంచిగ కడుగుతది.
కడిగినంక కారుతది.
అప్పుడు సత్తార్ మీద గుస్సా కావొద్దు."

గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ మళ్లీ తనే అన్నాడు:
"నూనె పగలగొట్టదు మేడం.
ఉన్న పగులు చూపెడ్తది."

నేను ఈ బండిలో పక్క సీటు మనిషిని.
నా కాళ్ల దగ్గర ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు.
స్టీరింగ్ ఎప్పుడూ వేరేవాళ్ల చేతుల్లో.
సీతాఫల్‌మండి ఎత్తు మీద
హాఫ్ క్లచ్‌లో వణికిన కాళ్లన్నిటినీ
ఈ ఇంజనే మోసింది.
పొద్దున తాళం తిప్పితే
డబ్బాలో చింతగింజలు ఆడించినట్టు గలగల,
నూనె పైకెక్కేదాకా ఆరేడు సెకన్లు.
ఆ ఆరేడు సెకన్ల కోసమే ఈ ఖర్చు.

"పొయ్యి భాయ్" అన్నాను.

పాత నూనె తట్టలోకి దిగింది,
ముందు తాడులా, తర్వాత దారంలా,
ఆఖరికి లెక్కపెట్టగలిగేలా.
ఇలియాస్ కొత్త ఫిల్టర్ రబ్బరుకి
చూపుడు వేలితో నూనె రాశాడు,
పసిపిల్ల మాడుకి రాసినంత పదిలంగా.
"ఫిల్టర్ జల్ది మార్చాలె, వెయ్యికే రండి" అన్నాడు సత్తార్.
"కడిగిన మడ్డి యాడికి పోతది? గండ్లనే గదా!"

మర్నాడు ఆరింటికి ప్రిస్కిల్లా,
గాంధీలో నైట్ డ్యూటీ దిగి, ఇంకా స్వెట్టర్ విప్పకుండా.
తాళం తిప్పింది. బండి లేచింది.
ఆమెకు తెలియలేదు. మళ్లీ తిప్పింది.
స్టార్టర్ కెవ్వుమంది.
"ఆన్‌లోనే ఉందమ్మా."
"మరి చప్పుడేది మేడం?"

తప్పు ఆమెది కాదు.
చెవితో నడుపు, గొంతు మారితే గేరు మార్చు అని
పన్నెండేళ్లుగా నేర్పింది నేనే.
ఆ వారం ముగ్గురు
పద్మారావునగర్ మలుపులో బండి ఆపేశారు.
వెనక వాళ్ల హారన్లు మాత్రం
బాగా వినబడ్డాయి.

ఇక అట్ట సంగతి.
రాత్రిళ్లు బండి కింద
బిస్కెట్ల అట్టపెట్టె చింపి పరుస్తున్నాను.
ఎనిమిది రోజులు ఏమీ లేదు.
సత్తార్‌కి ఫోన్ చేసి నవ్వాను కూడా.
తొమ్మిదో రోజు ఒక చుక్క,
రూపాయి బిళ్లంత, అంచులు ఇంకా పాకుతూ.
పదకొండో రోజు మూడు.

టార్చి వేసి, వెల్లకిలా పడుకుని, కిందనుంచే చెప్పాడు:
"ఎనక మెయిన్ సీలు. గేర్‌బాక్స్ దించాలె.
రెండు రోజులు, ఐదు వేలు."
"పాత నూనెకే తిరిగి పోతే?"
నవ్వు బండి కిందనుంచి వచ్చింది.
"మడ్డి మళ్ల కూసుండాలంటే పదేండ్లు వడ్తది మేడం.
అందాక నా నడుము ఉండొద్దా?
చుక్కలు లెక్కవెట్టుకోండి. తగ్గినంత పోసుకోండి.
ఎక్కువైన రోజు దించుదాం."

సీటు కింద పావు లీటరు సీసా ఉంది ఇప్పుడు.
అట్టల మీద తేదీలు రాస్తున్నాను.
ఎందుకని మా ఆయన అడిగితే
ఎందుకో చెప్పలేకపోయాను.

ఈరోజు సీతాఫల్‌మండి ఎత్తు మీద, సిగ్నల్ దగ్గర,
ప్రిస్కిల్లా చెవి పెట్టలేదు.
గేరు కర్ర మీద అరచెయ్యి ఆనించి
కళ్లు రోడ్డు మీదే ఉంచి
కొంచెంసేపు ఊరుకుంది.
రోజూ మణికట్లు పట్టుకునే చెయ్యి అది.
"ఉంది మేడం" అంది.
నా బ్రేకు మీదనుంచి కాలు తీశాను.

ఇవాళ్టి అట్ట ఇంకా చూడలేదు.